కృష్ణకు వరద రాకముందే పుట్టి, వల, తాడు చూసుకోండి

మన దగ్గర చినుకు పడకపోయినా కృష్ణకు వరద వస్తుంది. పడమటి కనుమల్లో గట్టి వానలు పడితే కర్ణాటకలోని ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాంలు నిండి ఆ నీరు జూరాల ప్రాజెక్టుకు చేరుతుంది. అక్కడ గేట్లెత్తితే బీచుపల్లి దగ్గర ఎండ కాస్తుండగానే ఏరు పెరుగుతుంది. లక్ష క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 28 లక్షల లీటర్లు. అందుకే మబ్బు చూసి కాదు, జూరాల ఇన్‌ఫ్లో (వచ్చి చేరే నీరు) ఎంతుందో, గేట్ల సంగతేమిటో పొద్దున్నే కనుక్కుని దిగాలి. గేట్లెత్తిన రోజు దిగువన పుట్టి (వెదురుతో అల్లిన గుండ్రటి పడవ) వేయనే వేయొద్దు. గేట్లు మూసి ఉన్నా, కరెంటు తయారీకి నీళ్లు వదిలారంటే ఏటి నడుమ బండల మీద గాలం వేసుకుని కూర్చున్నవాళ్లకు తిరిగొచ్చే దారి మునిగిపోతుంది. నాగార్జునసాగర్ దిగువనా ఇదే భయం.

ముందుగా పుట్టిని బోర్లించి వెదురు బద్దలను ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూడండి. పుచ్చి పొడి రాలితే ఆ బద్ద మార్చాల్సిందే. ఎండకు పుట్టికి కప్పిన పట్టా మడతల దగ్గర తారు పగులుతుంది. మళ్లీ పూసి, బాగా ఆరాక, ఒడ్డు పక్కనే తాడు కట్టి అరగంట నీళ్లలో వదలండి. లోపల చెమ్మ ఎక్కడ మొదలైతే చిల్లు ఆ దగ్గర్లోనే ఉంటుంది. నీళ్లు తోడే డబ్బా, రెండో తెడ్డు పుట్టిలోనే ఉండాలి.

విసురువల తాడును మణికట్టుకు కట్టొద్దు. వరదలో కొట్టుకొచ్చే కంప, గుర్రపుడెక్క వలలో నిండితే మనిషినే లాగేస్తుంది. జారుముడి ఇంకా ప్రమాదం, లాగినకొద్దీ బిగుస్తుంది. తాడును అరచేతిలో మడతలుగా పట్టుకుంటే చాలు.

సోమశిల వైపు శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో (డ్యాం వెనక నిలిచే నీటిలో) ప్రమాదం వేరు. శ్రీశైలం మట్టం 885 అడుగుల నిండు మట్టం వైపు ఎక్కేకొద్దీ, ఎండాకాలం ఒడ్డున కనిపించిన మొద్దులు, పాత గోడలు జానెడు నీటి కింద దాక్కుంటాయి. వల వాటికి తగులుకుంటుంది. ఇద్దరూ ఒకే పక్కకు వంగి లాగారంటే పుట్టి తిరగబడుతుంది. మొలలో కత్తి ఉంచుకుని వలను కోసేయండి. వేల రూపాయల వల, బాధే. అయినా కోసేయండి. మధ్యాహ్నం గాలి లేవకముందే ఒడ్డుకు రావాలి.

లైఫ్ జాకెట్ తొడుక్కున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగించుకోండి. చెవుల దాకా లేస్తే వదులైనట్టే, పట్టీలు బిగించాలి. మూత గట్టిగా బిగించిన 10 లీటర్ల ఖాళీ డబ్బాకు 20 మీటర్ల తాడు కట్టి ఒడ్డున ఉంచండి. పడ్డవాళ్లకు దాన్నే విసరాలి, వెంట దూకకూడదు. పుట్టి తిరగబడితే దాని అంచు వదలకండి. ప్రవాహానికి ఎదురీదితే అలసట తప్ప ఒడ్డు రాదు, ఏటవాలుగా ఒడ్డు వైపు కాళ్లు కొట్టండి.