పాత బైక్ సైలెన్సర్ టప్ టప్ మంటుంటే

థ్రాటిల్ వదలగానే సైలెన్సర్ పేలుతున్నట్టు చప్పుడు చేస్తుంటే, ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగం) జోలికి వెళ్లేముందు ఇది చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, సైలెన్సర్ పైపు ఇంజిన్‌కి కలిసే జాయింట్ మీద సబ్బు నీళ్లు రాయండి. ఆరుబయట స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర మందపాటి తడిగుడ్డ రెండు మూడు సెకన్లు అడ్డం పెట్టండి. బుడగలొస్తే గాలి లీకవుతున్నది అక్కడే, ముందు అక్కడి గ్యాస్కెట్ (జాయింట్ లీకవకుండా మధ్యలో పెట్టే రింగు) మార్చండి. నా బండికి చాలావరకు చప్పుడు దీంతోనే పోయింది.

బుడగలు రాకపోతే ఇంజెక్టర్ క్లీనర్. సీసా మీద రాసిన మోతాదే ట్యాంకులో పోసి, దానిమీద పెట్రోల్ కొట్టిస్తే బాగా కలుస్తుంది. ఆ ట్యాంకు అయ్యేదాకా మామూలుగా నడపండి. మోతాదు మాత్రం పెంచొద్దు.

ఇంజెక్టర్ బాగా మూసుకుపోయి ఉంటే క్లీనర్ పనిచేయదు, బయటికి తీసి అల్ట్రాసోనిక్ క్లీనింగ్ (ధ్వని తరంగాలతో శుభ్రం చేయడం) చేయించాల్సిందే.