విండోస్‌లో లైనక్స్ మొరాయిస్తే

పర్లాకిమిడిలో మా కంప్యూటర్ దుకాణానికి వచ్చే కాలేజీ పిల్లలది ఒకటే కోరిక: విండోస్ పోకూడదు, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) నడవాలి. దానికి దారి డబ్ల్యూఎస్ఎల్, అంటే విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే ఏర్పాటు. విండోస్ 11లోనూ, విండోస్ 10లో 2004 వెర్షన్ నుంచీ (అది సంవత్సరం కాదు, ఆ వెర్షన్ వచ్చింది 2020లో) ఒకే ఆదేశంతో ఎక్కుతుంది. పేచీలన్నీ ఆ తర్వాతే.

సమస్య: ఉబుంటు తెరవగానే 80370102తో ముగిసే ఎర్రర్.
కారణం: డబ్ల్యూఎస్ఎల్ 2 అసలైన లైనక్స్ కెర్నల్‌నే (దాని గుండెకాయనే) వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపలి ఊహా కంప్యూటర్‌లో, నడుపుతుంది. దానికి కావాల్సిన వర్చువలైజేషన్ సౌకర్యం బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది.
పరిష్కారం: టాస్క్ మేనేజర్‌లో సీపీయూ దగ్గర వర్చువలైజేషన్ 'డిసేబుల్డ్' అని ఉంటే బయోస్‌లో ఆన్ చేయండి. ఇంటెల్‌లో దాని పేరు వీటీ, ఏఎండీలో ఎస్వీఎం. ముందే ఆన్‌లో ఉంటే, విండోస్ ఫీచర్లలో 'వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్'కు టిక్కు పెట్టి రీస్టార్ట్ చేయండి. ఫార్మాట్ చేయాలని ఎవరైనా అంటే నమ్మకండి.

సమస్య: అన్నీ పనిచేస్తాయి, నత్తనడకన.
మొన్న పాతపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చి, "అన్నయ్యా, ర్యామ్ పెంచితే బాగుపడుతుందా?" అని అడిగింది. టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో) చూస్తే ప్రాజెక్టు ఉన్న చోటు 'మౌంట్, సీ' (/mnt/c) అని మొదలైంది. అంటే ఫైళ్లన్నీ విండోస్ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి.
కారణం: లైనక్స్ తెరిచే ప్రతి చిన్న ఫైలూ రెండు వ్యవస్థల మధ్య సరిహద్దు దాటాలి. పాతపట్నం మాకు పక్కనే, ఒడిశా దాటి ఆంధ్రాలోకి అడుగుపెడితే చాలు. అయినా సంతలో కొన్న ఒక్కో వంకాయకూ ఒక్కోసారి వెళ్లివస్తే తెల్లారిపోదూ?
పరిష్కారం: ఫోల్డర్‌ను లైనక్స్ హోమ్‌లోకి (లైనక్స్ లోపల మీ సొంత ఫోల్డర్‌లోకి) కాపీ చేసి అక్కడే పని చేయండి. ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు పెంగ్విన్ బొమ్మ నొక్కితే అవే ఫైళ్లు విండోస్‌కూ కనిపిస్తాయి. ఆ అమ్మాయికి ర్యామ్ ఖర్చు తప్పింది, నాకు బేరం పోయింది.

సమస్య: విండోస్‌లో రాసిన స్క్రిప్టుకు (వరసగా నడిచే ఆదేశాల ఫైలుకు) 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని వస్తుంది.
వరుస చివర విండోస్ పెట్టే అదనపు గుర్తే కారణం. డాస్‌టూయూనిక్స్ (dos2unix) అనే చిన్న ప్రోగ్రాంతో ఒకసారి శుభ్రం చేస్తే చాలు.

సమస్య: 8 జీబీ మెషీన్‌లో బ్రౌజర్ కూడా కదలదు.
కారణం: ఏమీ చెప్పకపోతే డబ్ల్యూఎస్ఎల్ సగం మెమరీ దాకా వాడుకోగలదు.
పరిష్కారం: మీ యూజర్ ఫోల్డర్‌లో 'డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్' (.wslconfig) ఫైలు పెట్టి మెమరీ 3 జీబీ అని పరిమితి రాయండి, డబ్ల్యూఎస్ఎల్‌ను దాని షట్‌డౌన్ ఆదేశంతో (wsl --shutdown) ఆపి మళ్లీ తెరవండి. అయినా మారలేదా? నోట్‌ప్యాడ్ ఆ పేరు చివర 'టీఎక్స్‌టీ' తోక తగిలించి ఉంటుంది, చూడండి.