మిస్టరీ నవలని క్లాసులో విప్పి చూపించడం ఎలా

హంతకుడెవరో తెలియగానే పిల్లలు పుస్తకం మూసేస్తారు. టీచర్ పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే, ఎందుకంటే ముగింపు తెలిశాక గానీ రచయిత మనల్ని ఎటు తిప్పి ఎటు తీసుకొచ్చాడో కనిపించదు. అందుకే నిర్మాణం గురించిన పాఠాన్ని రెండోసారి చదివేటప్పటికి ఉంచుకోండి. మొదటిసారి హాయిగా చదవనివ్వండి, కాకపోతే ప్రతి చాప్టర్ అయ్యాక ఇప్పుడు ఎవరిమీద అనుమానంగా ఉందో ఒక్క లైను రాసి పెట్టుకోమనండి. ఆ లైన్లతో తర్వాత చాలా పని ఉంది.

రెండోసారికి చీటీలు చేయించండి, ఒక్కో సంఘటనకి ఒక్కో చీటీ. ముందు నిజంగా జరిగిన వరుసలో పేర్చాలి, దాని కింద పుస్తకంలో మనకి తెలిసిన వరుసలో. డిటెక్టివ్ నవలలో నేరం కథ, పరిశోధన కథ అని రెండు కథలుంటాయని సాహిత్య విమర్శకుడు త్జ్వెతాన్ టొడొరొవ్ 1966లో రాశాడు; ఈ రెండు వరుసలూ చూస్తే పిల్లలకి ఆ సంగతి నిర్వచనం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. ఇప్పుడు ఒక చీటీ జరపండి. చనిపోయినాయన వీలునామా మార్చాడని పదో చాప్టర్లో తెలుస్తుందనుకుందాం, ఆ చీటీని రెండో చాప్టర్లోకి తెచ్చి, మేనల్లుడు ఇంటికొచ్చే సీను మళ్లీ పైకి చదివించండి. ఒక్క అక్షరం కూడా మార్చలేదు, అయినా ఆ అబ్బాయి "బాగున్నావా మామయ్యా" అన్నా అనుమానమే వస్తుంది. నా దృష్టిలో ఈ ఒక్క పని చేయించినా చాలు, మిగతావి టైముంటే చూసుకోవచ్చు.

కథ ఎవరు చెబుతున్నారన్నది తర్వాత. కోనన్ డాయల్ రాసిన, 1887లో అచ్చయిన 'ఎ స్టడీ ఇన్ స్కార్లెట్' దీనికి బాగా పనికొస్తుంది. డిటెక్టివ్ హోమ్స్ చూసిన గదినే, కథ చెప్పే అతని స్నేహితుడు వాట్సన్ కూడా చూస్తాడు, హోమ్స్ ఏమనుకున్నాడో మాత్రం అతనికి తెలియదు, కాబట్టి మనకీ తెలియదు. అదే సీనుని హోమ్స్ మాటల్లో రాయమనండి, నాలుగు లైన్లకే సస్పెన్స్ ఆవిరైపోతుంది. పైగా ఆ నవలలో నేరస్థుడు సగంలోనే దొరికిపోతాడు, ఆ తర్వాత కథ ఏళ్ల వెనక్కి, అమెరికాకి వెళ్తుంది. అక్కణ్ణుంచి మనం "ఎవరు?" అని అడగం, "ఎందుకు?" అని అడుగుతాం.

క్లూలు వెతికేటప్పుడు క్లూ ఉన్న వాక్యంతో ఆగకండి, దానికి ముందూ వెనకా మూడేసి వాక్యాలు చదివించండి. క్లూ గదిలోని వస్తువుల జాబితా మధ్యలో దాగి ఉందా? లేక క్లూ చెప్పిన మరుక్షణమే మన దృష్టి మళ్లేలా ఎవరైనా కేక వేశారా? అప్పుడు పాత అనుమానాల లైన్లు తీయించి, ఆ చాప్టర్ దగ్గర తాము ఎవరివైపు చూస్తున్నారో చెప్పమనండి.

పరీక్షలో "రచయిత ఫ్లాష్‌బ్యాక్ వాడాడు" అని రాస్తే మార్కులు వేయకండి. అది తీసేస్తే పాఠకుడికి ఏది ముందే తెలిసిపోతుందో కూడా రాస్తేనే వేయండి.