బెజవాడలో ఉండి టూరింగ్ కార్ రేసర్ అవ్వాలంటే

నెలకి ఒక్కరైనా మా షెడ్డుకొచ్చి అడుగుతారు, "అన్నా, రేసర్ అవ్వాలంటే ముందు ఏ కారు కొనాలి?" అని. ఏదీ కొనొద్దు. సొంత కారు ఈ దారిలో చాలా చివర వచ్చే ఖర్చు, అసలు రాకపోయినా నష్టం లేదు. నేను రెండు సీజన్లు చెన్నైలో అద్దె కారు తోలి, డబ్బులైపోయాక తిరిగొచ్చి ఆటోనగర్‌లో మా మామయ్య షెడ్డులో పనికి కుదిరినవాణ్ణి. చాంపియన్‌ని కాను. ఎక్కడ డబ్బు తగలేశానో, ఎక్కడ కాస్త నేర్చుకున్నానో మాత్రం బాగా గుర్తుంది, అవే రాస్తున్నా.

టూరింగ్ కారంటే రోడ్డు మీద మనం చూసే కారే. సీట్లు, ఏసీ, కార్పెట్లు పీకేసి, కారు బోల్తాపడినా డ్రైవర్ నలగకుండా లోపల రోల్ కేజ్ అనే ఇనుప గొట్టాల చట్రం వెల్డ్ చేసి, సస్పెన్షన్, బ్రేకులు మార్చి, ఇంజిన్‌ని రూల్స్ ఒప్పుకున్నంత మేర ట్యూన్ చేసి ట్రాక్ మీదికి వదులుతారు. మన నేషనల్ చాంపియన్‌షిప్‌లో ఇండియన్ టూరింగ్ కార్స్, ఇండియన్ జూనియర్ టూరింగ్ కార్స్, సూపర్ స్టాక్ లాంటి క్లాసులు నడిచాయి. పోలోలు, హోండా సిటీలు సరే, మన బాబాయిలు ఎప్పుడో అమ్మేసిన మారుతి ఎస్టీమ్ కూడా షోరూముల్లోంచి మాయమైన చాలా ఏళ్ల తర్వాత దాకా అక్కడ పరుగెత్తింది. బయటి దేశాల సంగతికొస్తే బ్రిటిష్ టూరింగ్ కార్ చాంపియన్‌షిప్ 1958లో మొదలైంది. 2015 నుంచి ఉన్న టీసీఆర్ అనే టూరింగ్ క్లాసు కార్లకి 2 లీటర్ల టర్బో ఇంజిన్, సుమారు 350 హార్స్‌పవర్, ఆ పవరంతా ముందు చక్రాలకే. వయసు దాటిపోయిందని దిగులుపడేవాళ్ల కోసం ఒక మాట: ఇటలీ డ్రైవర్ గాబ్రియేలే తార్క్విని 2018లో వరల్డ్ టూరింగ్ కార్ కప్ గెలిచేనాటికి ఆయన వయసు 56. కాకపోతే ఆయన కుర్రతనంలో ఫార్ములా వన్ తోలొచ్చినవాడు, అది మర్చిపోయి ఉద్యోగానికి రాజీనామా రాయకండి.

ముందుగా ఆపాల్సినది ఒకటుంది. రాత్రి పదకొండు దాటాక బైపాస్ మీదా, అమరావతి వైపు ఖాళీ రోడ్ల మీదా తొక్కితే ప్రాక్టీస్ అవుతుందనుకుంటారు చాలామంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 కింద పబ్లిక్ రోడ్డు మీద రేసింగ్ చేస్తే మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది కాక, మీ ఇన్సూరెన్స్ పాలసీ తీసి చదవండి, రేసింగ్‌కి వాడితే క్లెయిమ్ రాదని రాసే ఉంటుంది. అన్నిటికీ మించి, తిన్నని రోడ్డు మీద స్పీడు పెంచడం ఎవరికైనా వస్తుంది, ఆ స్పీడుని ఎక్కడ ఎంత తగ్గించాలో తెలియడమే రేసింగ్, అది హైవే నేర్పదు.

మరి ఎక్కడ నేర్చుకోవాలి? ఇంట్లో ఒక స్టీరింగ్ వీల్, పెడల్స్ పెట్టుకుని సిమ్యులేటర్‌తో మొదలుపెట్టండి. ఆటలే అని నవ్వకండి, జాన్ మార్డెన్‌బరో అనే బ్రిటిష్ కుర్రాడు 2011లో ఒక ప్లేస్టేషన్ పోటీ గెలిచి నిజం రేసర్ అయ్యాడు. ట్రాక్ గుర్తుపెట్టుకోవడం, బ్రేక్ ఎక్కడ నొక్కాలో గుర్తులు పెట్టుకోవడం అందులో బాగా అలవాటవుతాయి. నడుం కింద కారు జారడం మాత్రం తెలియదు, దానికి కార్టింగ్, అంటే నేలకి ఆనుకున్నట్టుండే చిన్న రేసు బండ్లు తోలడం. మాల్ వెనక సరదా కార్టులు కాదు, హైదరాబాదో చెన్నైయో వెళ్లి లాప్ టైమ్ (ఒక చుట్టుకి పట్టిన సమయం) కాగితం చేతికిచ్చే ట్రాక్ మీద తోలండి, ఆ కాగితాలు దాచుకోండి. ఒక్క లాప్ బాగా వచ్చిందని మురిసిపోవద్దు, పది లాపులు వరసగా ఒకే టైమ్‌కి దగ్గరగా వస్తున్నాయా అన్నది చూసుకోండి.

ఆ తర్వాత రేసింగ్ స్కూల్. చెన్నై, కోయంబత్తూరుల్లో ఉన్నాయి. మన దేశంలో మోటార్ స్పోర్ట్‌కి పెద్ద సంఘం ఎఫ్ఎమ్ఎస్‌సీఐ, రేసులో దిగాలంటే వాళ్ల కాంపిటీషన్ లైసెన్స్ ఉండాలి, ఆర్టీవో ఇచ్చిన లైసెన్స్ అక్కడ చెల్లదు. గుర్తింపు ఉన్న స్కూల్లో ట్రైనింగ్ సర్టిఫికెట్, డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని అప్లై చేస్తారు, 18 నిండకపోతే అమ్మానాన్నల సంతకం కావాలి. మా ఇంట్లో అన్నిటికంటే లేటైన కాగితం అదే. రూల్స్ ఏటా మారుతుంటాయి కాబట్టి సీనియర్లు చెప్పింది నమ్మకుండా ఆ ఏడాది రూల్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి.

అసలు ట్రాక్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉంది, చుట్టుకొలత దాదాపు 3.7 కిలోమీటర్లు, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ నడుపుతుంది. అంతకుముందు రేసులు షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగేవి. మనం విజయవాడ నుంచి చెన్నై వెళ్లే హైవే మీదే తగులుతుంది ఆ షోలవరం, ఈసారి దాటేటప్పుడు ఒకసారి తలతిప్పి చూడండి. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ కూడా ఉన్నాయి గానీ మనకి చెన్నై నయం, ఒక రాత్రి ప్రయాణం.

సామాన్ల విషయంలో ఒకే జాగ్రత్త, బైక్ హెల్మెట్ పనికిరాదు. కార్ రేసింగ్ హెల్మెట్‌ని మంటలకి కూడా టెస్ట్ చేస్తారు, స్టిక్కర్ వేరుగా ఉంటుంది, స్క్రూటినీలో, అంటే రేసుకి ముందు చేసే తనిఖీలో, అదే చూస్తారు. మెడని కాపాడే హాన్స్, ఫైర్‌ప్రూఫ్ సూట్, గ్లవ్స్, బూట్లు సెకండ్‌హ్యాండ్‌లో దొరికినా వాటి మీద డేట్లు చూసి కొనండి.

ఇప్పుడు డ్రైవింగ్. ఫ్రంట్ వీల్ డ్రైవ్ టూరింగ్ కారులో ముందు టైర్లే తిప్పాలి, లాగాలి, బ్రేకుల భారంలో ఎక్కువ భాగం అవే మోయాలి. ఒకడితోనే మూడు పనులు చేయిస్తే ఏమవుతుందో అదే అవుతుంది. మలుపులోకి స్పీడుగా దూరి స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పితే కారు ముక్కు తిరగదు, బయటికి పోతుంది. కంగారుపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలేస్తే బరువంతా ముందుకొచ్చి వెనక తేలికై తోక జారుతుంది. నేను మొదటిరోజు రెండూ చేశాను, ఒకే మలుపులో. నేర్చుకోవాల్సింది ఏమిటంటే, తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేక్ వేసి, మలుపులోకి వెళ్తూ పాదం మెల్లమెల్లగా వదలడం. ఆ మిగిలిన కాస్త బ్రేకే ముందు టైర్లని నేలకి నొక్కి ముక్కుని తిప్పుతుంది. లోపలికి వెళ్లే స్పీడులో కాస్త తగ్గినా పర్లేదు, స్టీరింగ్ విప్పుకుంటూ తొందరగా పవర్ వేయగలిగితే తర్వాత వచ్చే స్ట్రెయిట్ అంతా ఆ లాభం వస్తూనే ఉంటుంది. ఇంకోటి, మొదటి మూడు లాపుల్లో వీరత్వం చూపించి ముందు టైర్లు కాల్చేసినవాడు చివరి మూడు లాపుల్లో అద్దంలో చూసుకుంటూ దారులిస్తాడు. అది నేనే, రెండుసార్లు.

టూరింగ్ కార్లలో రాసుకోవడం, తగలడం మామూలే, తలుపులు తలుపులు తాకుతాయి, చూసేవాళ్లకి అదే మజా. కానీ వెనకనుంచి గుద్ది స్పిన్ చేస్తే స్టీవార్డుల (రేసులో తప్పొప్పులు తేల్చేవాళ్ల) ముందు నిలబడాలి, పెనాల్టీ పడుతుంది, అంతకంటే ముఖ్యం వచ్చే రేసులో వాడు మీ పక్కనే ఉంటాడు. జెండాలు నిద్రలో అడిగినా చెప్పగలగాలి: పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయకూడదు, నీలం అంటే వెనక వేగమైన కారొస్తోంది, ఎరుపు అంటే సెషన్ ఆగింది, నలుపు మీద నారింజ చుక్క మీ నంబరుతో చూపిస్తే మీ బండిలో ఏదో పాడైంది, పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన టీములు బండ్లు చూసుకునే చోటికి, రావాలి. కొత్తవాళ్లు సర్వసాధారణంగా పసుపు దగ్గరే దొరికిపోతారు.

ఎండ గురించి బెజవాడవాళ్లకి చెప్పాలా అనుకున్నాను గానీ చెప్పాలి. ఏసీ లేని డబ్బాలో, ఒంటిమీద రెండు పొరల బట్టలు, హెల్మెట్, పక్కన ఇంజిన్ వేడి. ఊరికే జిమ్‌లో కండలు పెంచితే చాలదు, పరుగు, సైక్లింగ్, మెడకి వ్యాయామం కావాలి. నీళ్లు రేసు రోజు ఒక్కటే కాదు, రెండు రోజుల ముందు నుంచే తాగాలి.

ఇక డబ్బు, దీని దగ్గరే చాలామంది ఆగిపోతారు. మొదట్లో మీకెవరూ జీతం ఇవ్వరు, మీరే టీముకి కట్టాలి. అందుకే అందరికీ ఒకే రకం కారు ఇచ్చే సిరీస్‌లతో మొదలుపెట్టడం మంచిది, అక్కడ కారు మీద సాకు పెట్టడానికి ఉండదు, ఖర్చు ముందే తెలుస్తుంది. తెలుస్తుంది అన్నానా, ఇక్కడే నేను మునిగాను. ఒక టీముతో నోటిమాట మీద సీటు మాట్లాడుకున్నాను. వేరేవాడు గుద్దితే పోయిన బంపరు, రేడియేటరు కూడా నా ఖాతాలోనే రాశారు, మా అమ్మ చిట్టీ పాడిన డబ్బు అందులోనే కలిసింది. టైర్లు ఎన్ని, ప్రాక్టీస్ ఎన్ని గంటలు, ఇంజిన్ పోతే ఎవరిది, డ్యామేజ్‌లో మీ వాటా ఎంతవరకు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. చుట్టాలైనా సరే.

స్పాన్సర్ కోసం నేను గుంటూరులో ఒక మిర్చి వ్యాపారి దగ్గరికి వెళ్లి ఫొటోలు చూపించాను. ఆయన టీ ఇప్పించి, "బాబూ, నీ కారు మీద మా పేరుంటే నా దగ్గర ఒక్క టిక్కీ (మిర్చి బస్తా) అయినా ఎక్కువ కొంటారా?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. ఆ జవాబు తయారుచేసుకునే వెళ్లండి. వాళ్ల షాపు ఓపెనింగ్‌కి కారు తెచ్చి నిలబెడతాను, మీ డీలర్లలో పదిమందిని రేసు రోజు పిట్‌లోకి తీసుకెళ్తాను, నెలకి నాలుగు వీడియోలు మీ పేరుతో తెలుగులో చేస్తాను, బిల్లు జీఎస్టీతో ఇస్తాను అంటే వింటారు. డబ్బే అక్కర్లేదు, టైర్ల షాపువాడు టైర్లిచ్చినా, ట్రావెల్స్‌వాడు టికెట్లిచ్చినా అంత ఖర్చు తగ్గినట్టే.

రేసింగ్ ఒక్కదాని మీదే బతికేవాళ్లు మన దేశంలో చాలా కొద్దిమంది. మిగతావాళ్లు కొత్తవాళ్లకి కోచింగ్ ఇస్తారు, కంపెనీల డ్రైవింగ్ ఈవెంట్లలో ఇన్‌స్ట్రక్టర్లుగా వెళ్తారు, సొంత టీమో వర్క్‌షాపో నడుపుతారు. ఇక్కడే మనకి ఆటోనగర్ ఉంది. ఆరు నెలలు ఏదైనా షెడ్డులో హెల్పర్‌గా చేయండి, సస్పెన్షన్‌లో రబ్బరు బుష్ పోతే కారు ఎలా లాగుతుందో, అలైన్‌మెంట్ మారితే స్టీరింగ్ ఏం చెబుతుందో చేత్తో తెలుస్తుంది. ట్రాక్ మీద నుంచొచ్చి "కారు బాలేదు" అనేవాణ్ణి ఇంజినీరు పట్టించుకోడు, "మూడో మలుపు మధ్యలో ముందు కుడి టైరు పట్టు వదులుతోంది" అనేవాడి మాట రాసుకుంటాడు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక్క రేసు చూడండి, వీలైతే మార్షల్‌గా పేరు ఇచ్చి ట్రాక్ పక్కన జెండా పట్టుకుని చూడండి, ఫ్రీగా అంత దగ్గరనుంచి నేర్పే చోటు ఇంకోటి లేదు. పొద్దున్నే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్, అక్కణ్ణుంచి పూనమల్లి మీదుగా శ్రీపెరుంబుదూరు వైపు బస్సు. టోపీ, రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి, అక్కడ నీడ తక్కువ.