కబడ్డీలో ఒక్కసారిగా వెనుదిరగడం సాధన చేసే ముందు జాగ్రత్తలు

పురుషుల కబడ్డీ కోర్టులో మధ్య గీతకు 3.75 మీటర్ల దూరంలోని బాక్ లైన్‌ను (కూతకు వెళ్లిన ఆటగాడు దాటాల్సిన గీతను) దాటి వెంటనే వెనుదిరిగే రైడర్ మోకాలిపై, నేరుగా పరుగెత్తేటప్పటికంటే భిన్నమైన మెలితిప్పే భారం పడుతుంది కనుక, సాధనకు ముందే కొన్ని సరిచూసుకోవాలి.

మ్యాట్ అతుకుల వెంట చేత్తో తడిమి, అంచు లేచి ఉంటే సరిచేయాలి, చెమట తడి ఉంటే తుడవాలి. బూటుకు పట్టు చాలకపోతే కాలు జారుతుంది. మరీ ఎక్కువైతే పాదం నిలిచిపోయి మోకాలు మెలిపడుతుంది. నా దృష్టిలో రెండోదే ఎక్కువ ప్రమాదకరం.

ఒళ్లు వేడెక్కాక ఒంటికాలిపై నెమ్మదిగా సగం గుంజీ తీస్తూ, మోకాలు బొటనవేలిని దాటి లోపలికి వాలుతోందేమో తోటి ఆటగాడిని ఎదురుగా నిలబెట్టి చూపించుకోవాలి. వాలుతుంటే, తుంటి పక్క కండరాలు బలపడే వరకు పూర్తి వేగంతో మళ్లకూడదు.

వేగాన్నంతా చివరి అడుగులోనే ఆపాలని చూడకుండా, దాని ముందరి అడుగులోనే తుంటిని దించి, మోకాలిని మడిచి, కొంత తగ్గించుకోవడం అలవాటు చేసుకోవాలి. ఎందుకంటే మోకాలు దాదాపు నిటారుగా ఉండి, మొండెం నాటిన కాలి వైపే ఒరిగినప్పుడు, ఎవరూ తాకకపోయినా మోకాలి ఎముకలను కలిపి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంట్ (ఏసీఎల్) తెగవచ్చు.

గతంలో మోకాలిలో ‘టప్’మని చప్పుడై వాపు వచ్చినవారు, నొప్పి పూర్తిగా తగ్గినా సరే, ఎముకల వైద్యునికి చూపించుకున్నాకే కోర్టులో దిగాలి.