పొయ్యిలో పెట్టే కట్టె ఎంత ఎండాలి?

కడప జిల్లా కమలాపురంలో మాది చిన్న సంగటి హోటలు. పొద్దున పదిన్నరకు ఎసరు పెడితే పన్నెండింటికల్లా మొదటి ముద్ద ఆకులో పడాలి. పొగగొట్టం ఉన్న కట్టెల పొయ్యి మీద పద్నాలుగేళ్ళుగా ఇదే పని చేస్తున్నాను.

మూడేళ్ళ కిందట అక్టోబరులో నిల్వ కట్టెలు అయిపోయి, ఒక అడితి నుంచి ట్రాక్టరు సర్కారు తుమ్మ తెప్పించాను. "ఎండినవేనమ్మా" అన్నారు. బెరడు మీద తడి కనిపించలేదు, నమ్మాను. మరునాడు నూకలు ఉడికి, రాగిపిండి పోసి మూత పెట్టిన వేళ ఆ కట్టెలు రెండు ఎగదోశాను. మంట కుంగిపోయింది. కట్టె బయటి కొన నుంచి సుయ్‌మని చప్పుడు, దాని వెంటే గోధుమరంగు నురగ. ఊదురుగొట్టంతో ఊది ఊది కళ్ళు మండాయి కానీ పిండి ఉడకలేదు. తెడ్డుతో ఎంత కెలికినా పచ్చి ఉండలే. ఆ పూట డేగిశా సంగటి గేదెల తొట్టిలో పోయాల్సి వచ్చింది. వచ్చినవాళ్ళను ఆకలితో తిప్పి పంపిన బాధ ఇంకా పోలేదు.

ఆ నురగ కట్టె లోపలి నీరు. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో, చెట్టును బట్టి, మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళన్నీ ఆవిరయ్యాక గానీ కట్టె సరిగా అంటుకోదు. సగం నీళ్ళున్న కిలో కట్టె ఇచ్చే వేడి, బాగా ఎండిన కిలో కట్టె ఇచ్చేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. పైగా పొగ ఎక్కువ. ఆ పొగ గొట్టంలో చల్లబడి జిడ్డు మసిగా పేరుకుంటుంది. ఒక్కోసారి ఆ మసే అంటుకుంటుంది. అందుకే నీటి శాతం 20కి మించిన కట్టెను నేను పొయ్యి దగ్గరికి రానివ్వను.

సర్కారు తుమ్మ పచ్చిగా ఉన్నా మండుతుందని పేరు. (ఈ చెట్టును మన దేశంలో మొదట నాటిన చోట్లలో మా కమలాపురం ఒకటి, 1870ల చివర్లో.) మండుతుంది, నిజమే. కానీ మండడం వేరు, సంగటి ఉడికేంత నిలకడగా మండడం వేరు. పైగా మనం కట్టెలు కొనేది తూకానికి. 100 కిలోల్లో 40 కిలోలు నీళ్ళుంటే, అవి 20 శాతానికి ఎండేసరికి మిగిలేది 75 కిలోలు. పాతిక కిలోల నీళ్ళకు డబ్బు కట్టినట్టు. పచ్చివి కొంటే తప్పు లేదు, ఆ ధరకే బేరమాడండి, ఎండబెట్టే పని మీరు చేసుకోండి.

సంక్రాంతి దాటగానే కొనేయండి. మూరెడు పొడవుకు కోయించి, మణికట్టు లావుకు చీల్పించండి. నీరు ఎక్కువగా కోసిన కొనల నుంచే పోతుంది, బెరడు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది. చీల్చని మొద్దు వేసవంతా ఎండలో పడి ఉన్నా నడుమ పచ్చిగానే ఉండవచ్చు. నేను ఎర్రగుంట్ల నాపరాళ్ళు నాలుగు ఇటుకల మీద పరిచి, వాటి మీద దొంతి పేర్చాను. నేల చెమ్మ తగలదు, చెదలు ఎక్కితే కంటపడతాయి. పైన మాత్రం రేకు కప్పండి, పక్కలకు పట్టా చుట్టవద్దు, గాలి ఆడాలి. కట్టె తీసేముందు కర్రతో దొంతిని రెండుసార్లు తట్టండి. తేళ్ళకు అది మహా ఇష్టమైన చోటు.

ఎండిందో లేదో నేను చూసే పద్ధతి ఇది. పేర్చేటప్పుడే ఒక లావుపాటి కట్టెకు సుద్దతో గుర్తు పెట్టి, తూకం వేసి, ఆ బరువు గోడ మీద రాస్తాను. ప్రతి ఆదివారం మళ్ళీ తూస్తాను. మొదట్లో వారం వారం బరువు బాగా పడిపోతుంది, తరువాత నెమ్మదిస్తుంది. వరుసగా మూడు వారాలు ఒకే బరువు ఉంటే దొంతి సిద్ధం. కచ్చితమైన లెక్క కావాలంటే కట్టె నడుమ నుంచి 500 గ్రాముల ముక్క తీసి, సన్నని పేళ్ళుగా చీల్చి, వేడి పొయ్యిగట్టు మీద కాలకుండా, బరువు ఇక తగ్గని దాకా ఆరబెట్టండి. 410 గ్రాములు మిగిలితే పోయిన నీరు 90, అంటే 18 శాతం. తేమ మీటరు కొంటే పిన్నులు అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి, పైన కాదు. అది పూర్తిగా ఎండిన బరువు మీద లెక్క చెబుతుంది కాబట్టి ఇదే కట్టెకు 22 చూపుతుంది, కంగారుపడకండి. ఇవేవీ లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. కొనల్లో పగుళ్ళు కూడా చూడండి కానీ వాటినే నమ్మవద్దు, పైపైన ఎండినా పగుళ్ళు వస్తాయి.

మే నెలలో మా ఎండలకు సన్న పుల్లలు మరీ ఎండిపోతాయి. అవి భగ్గున మండి ఆరిపోతాయి, సంగటి అడుగంటుతుంది. వాటిని రాజేయడానికే వాడి, తరువాత లావు కట్టెలు పెట్టండి.

వానాకాలంలో ఎండిన కట్టె మీద జల్లు పడితే భయం లేదు. ఆ తడి పైపైనే, రెండు రోజులు గాలికి పెడితే పోతుంది. నేను రెండు రోజుల కట్టెలు ముందే వంటింట్లోకి తెచ్చి, పొయ్యికి రెండు బారల దూరంలో గోడవారగా నిలబెడతాను. పొయ్యిగట్టు మీద మాత్రం రాత్రిపూట ఒక్క పుల్ల కూడా ఉంచను.