ఆదరణ కూడిక అయిపోయాక

ఆదరణ కూడిక, అంటే మనిషి పోయాక ఇంటివాళ్లను ఓదార్చడానికి పెట్టే ప్రార్థన, ఆ రోజు ఇల్లంతా జనం. అసలు కష్టం మర్నాటి నుంచి. మా ఆయన పోయాక ఈ సీతాఫల్‌మండి ఇంట్లో నన్ను నిలబెట్టిన పద్ధతి చెబుతాను.

ముందు బైబిల్లో విలాపవాక్యములు అనే పుస్తకం తీయండి. అందరూ మూడో అధ్యాయం 22, 23 వచనాలే చూపిస్తారు, "నీవు ఎంతైన నమ్మదగినవాడవు" అన్న చోటు. నేరుగా అక్కడికి వెళ్లకండి. మొదటి అధ్యాయం నుంచి పైకి వినబడేలా చదవండి. యెరూషలేము బబులోను చేతిలో కూలిపోయాక వచ్చిన ఏడుపు అది. పసిపిల్లలు ఆకలితో వీధుల్లో సొమ్మసిల్లడం ఉంది, నా ప్రార్థన దేవుడు వినడం లేదన్న మాట కూడా ఉంది. వాటి మధ్యలోనే, అది రాసినవాళ్లు దేవుడి నమ్మకత్వాన్ని ఒప్పుకున్నారు. ఆ తర్వాతా ఏడుపు ఆగలేదు. అందుకే, ఏడిస్తే విశ్వాసం తగ్గినట్టేనని ఎవరైనా అంటే పట్టించుకోకండి. చనిపోయిన స్నేహితుడు లాజరు కోసం యేసు కూడా కన్నీళ్లు పెట్టుకున్నాడు.

తర్వాత ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పడుకునే ముందు ఆ రోజు దేవుడు చేసిన మేలు ఒక్కటి రాయండి. నా పుస్తకంలో ఇలా ఉంటుంది: "కింది వాటా వదిన జొన్నరొట్టెలు తెచ్చింది. పెన్షన్ కాగితం మీద సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది, గుమాస్తా ఆగి మంచినీళ్లిచ్చాడు." ఏమీ తోచకపోతే తేదీ వేసి వదిలేయండి.

ఆదివారం గుడికి వెళ్లండి. గొంతు పెగలకపోతే పక్కవాళ్ల పాట వినండి, చాలు. సమాధుల తోటకి మాత్రం తోడు లేకుండా వెళ్లకండి.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరుకి చూపించుకోండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.